ఇంటర్ పిల్లలకి క్రిటికల్ థింకింగ్ ట్యూషన్, తిరుపతి: మా పాపని ఆరు నెలలు పంపినాక చెప్తా ఉన్నా

మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. జూలై నుంచి డిసెంబర్ దాకా ప్రతి ఆదివారం పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు ఒక ట్యూషన్‌కి పంపినా. మాథ్స్ కాదు, ఫిజిక్స్ కాదు, క్రిటికల్ థింకింగ్, అంటే ఎవరైనా చెప్పిన మాటకి చూపించే కారణం నిలబడుతుందా లేదా అని తరిచి చూసేది. నాకు కొర్లగుంటలో బ్లౌజులు కుట్టే షాపు ఉంది, అక్కడికొచ్చే ఆడోళ్ళందరూ అడిగేది ఒకటే, అదేం సబ్జెక్టు అక్కా, దాంతో ఏమొస్తుంది, మార్కులు పెరుగుతాయా అని. ఒక్కొక్కరికీ బట్ట కత్తిరిస్తా కత్తిరిస్తా చెప్పేది కుదరడం లేదు, అందుకే బాగున్నవి, బాగలేనివి అన్నీ ఒకచోట రాస్తా ఉన్నా. ఇంట్లో పదకొండో పన్నెండో చదివే పిల్లలున్నోళ్ళు కొంచెం ఓపిగ్గా చదవండి.

క్లాసు జరిగేది బైరాగిపట్టెడలో ఒక ఇంటి మేడ మీద, రేకుల షెడ్డు, కింద చాపలు, ఒక తెల్ల బోర్డు, అంతే. బయట నేమ్ బోర్డు కూడా లేదు. సార్ తన పేరు ఎక్కడా పెట్టొద్దని ముందే చెప్పినారు కాబట్టి నేనూ రాయను, ఆ వీధిలో ఎవర్నడిగినా చూపిస్తారు. ఆయన చాలా ఏండ్లు బెంగళూరులో కేంబ్రిడ్జి బోర్డు స్కూల్లో చెప్పినారంట, వాళ్ళమ్మకి ఒంట్లో బాగలేక ఇక్కడికి వచ్చేసినారు. నెలకి పదిహేను వందలు. బ్యాచ్‌కి పదహారు మంది, అంతకంటే ఒక్కర్ని కూడా ఎక్కువ తీసుకోరు. ఎంత మంది అడిగినా పదిహేడో మనిషికి లేదనే చెప్తారు, ఇది నాకు నచ్చింది, ఎందుకంటే ఈ క్లాసులో ప్రతి పిల్లా నోరు తెరిచి మాట్లాడాలి, అరవై మందిని కూర్చోబెట్టి చెప్పేది కాదు ఇది.

ముందు ఈ సబ్జెక్టు యాడి నుంచి వచ్చిందో చెప్తా, నేనూ పాప చెప్తేనే తెలుసుకున్నా. కేంబ్రిడ్జి వాళ్ళ ఏ లెవెల్‌లో, అంటే మన ఇంటర్ లాంటి దాంట్లో, థింకింగ్ స్కిల్స్ అని ఒక సబ్జెక్టే ఉంది, కోడ్ నంబర్ 9694, నాలుగు పేపర్లు. మొదటిది ప్రాబ్లమ్ సాల్వింగ్, రెండోది క్రిటికల్ థింకింగ్, ఈ రెండిట్నీ ఇంకా లోతుగా చూసేవి మూడు, నాలుగు. సార్ అక్కడ చెప్పింది ఈ సబ్జెక్టే. ఇంగ్లండ్‌లో అయితే ఒకప్పుడు ఏ లెవెల్‌లో క్రిటికల్ థింకింగ్ అనే పేరుతోనే వేరే పరీక్ష ఉండేదంట, తర్వాత ఎత్తేసినారు. చాలా యూనివర్సిటీలు సీటిచ్చేటప్పుడు ఆ మార్కుల్ని లెక్కలోకి తీసుకోకపోయేసరికి పిల్లలు ఎందుకు రాస్తారు చెప్పండి. ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే విదేశీ బోర్డు స్కూళ్ళలో ఇంకో రకం, థియరీ ఆఫ్ నాలెడ్జ్ అని, అది ప్రతి పిల్లా చదవాల్సిందే, చివర్లో 1600 పదాలకి మించకుండా ఒక వ్యాసం రాయాలి, నీకు ఈ విషయం తెలుసు అంటున్నావే, ఎట్లా తెలుసు అనేదే అందులో అసలు ప్రశ్న.

మన ఇంటర్‌లో మాత్రం ఏముంది అంటారా. నేను ఇంటర్ చదివేటప్పుడు పరీక్షల టైంటేబుల్ చివర్లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పక్కన లాజిక్ పేపర్ అని కనబడేది, నేను చూసిన కాలేజీల్లో ఆ పేపర్ రాసినవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు. అంటే తర్కశాస్త్రం మనకి కాగితం మీద ఉండేదే, చెప్పేవాళ్ళు లేరు, చదివేవాళ్ళు లేరు. ఇప్పుడు 2020 జాతీయ విద్యా విధానంలో క్రిటికల్ థింకింగ్ అనే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది, సీబీఎస్‌ఈ కూడా 2024-25 నుంచి పదకొండు, పన్నెండు తరగతులకి సగం మార్కులు బట్టీ కాకుండా వాడకం మీద అడిగే ప్రశ్నలకే పెట్టింది. మాట అయితే వచ్చేసింది, దాన్ని చెప్పేకి మనిషి మాత్రం స్కూల్లో లేడు. నేను డబ్బు పెట్టి బైరాగిపట్టెడకి పంపించాల్సి వచ్చింది అందుకే.

ఇంక క్లాసు సంగతి.

మొదటి ఆదివారం సార్ ఏ పాఠమూ చెప్పలేదంట. ఈఏపీసెట్, జేఈఈ రిజల్ట్స్ వచ్చినప్పుడు పేపర్ నిండా వేసే కాలేజీ యాడ్‌లు మీకు తెలుసు కదా, పిల్లల ఫోటోలు, పెద్ద పెద్ద నంబర్లు, అవి నాలుగు కత్తిరించి పెట్టుకున్నారు ఆయన, పేర్లు కనబడకుండా పైన తెల్ల కాగితం అంటించి. పిల్లలకి ఒక్కొక్కటి ఇచ్చి మూడు పనులు చేయమన్నారు. ఈ యాడ్ మిమ్మల్ని ఏం నమ్మమంటా ఉంది, ఒక్క వాక్యంలో రాయండి. దానికి ఏం కారణం చూపిస్తా ఉంది, రాయండి. ఆ కారణం నుంచి ఈ నమ్మకానికి రావాలంటే మధ్యలో చెప్పకుండా దాటేసిన మెట్టు ఏంది, రాయండి.

పాప ఆ కాగితం ఇంటికి తెచ్చింది, నేను దాచిపెట్టినా. మొదటి లైన్లో, "మా కాలేజీలో చేరితే నీకూ ర్యాంకు వస్తుంది". రెండో లైన్లో, "మా దగ్గర చదివిన పన్నెండు మందికి వంద లోపు ర్యాంకులు". మూడో దాని కింద రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది, "ఆ పన్నెండు మందికి ర్యాంకు వచ్చింది కాలేజీ వల్లనే, వాళ్ళు ముందే బాగా చదివే పిల్లలు కాబట్టి కాదు". దాని కింద సార్ ఎర్ర పెన్నుతో ఒకటే రాసినారు, "మొత్తం ఎంత మందిలో పన్నెండు?"

ఇది చదివి నేను ఎంతసేపు అట్లా కూర్చున్నానో తెలీదు. ఎందుకంటే పాపని ఇప్పుడు చదివే కాలేజీలో చేర్పించింది ఇట్లాంటి యాడ్ చూసే. కాలేజీ పేరు ఇక్కడ చెప్పను, అనవసరం. ఫోటోలు చూసినాం, నంబర్లు చూసినాం, ఫీజు కట్టినాం, మొత్తం ఎంత మందిలో అని ఒక్క మాట అడగలేదు నేను గానీ మా ఇంటాయన గానీ. చీమంత అక్షరాల్లో అది కేటగిరీ ర్యాంకని రాసుంటారని, ఆ పిల్లోడు నాలుగేండ్లు చదివినాడా లేకపోతే చివర్లో టెస్ట్ సిరీస్ ఒక్కటే రాసినాడా అనేది చెప్పరని, ఇవన్నీ పాప నోటి నుంచే విన్నా. 2024 నవంబర్‌లో కేంద్రంలో వినియోగదారుల రక్షణ అథారిటీ వాళ్ళు కోచింగ్ యాడ్‌ల మీద గైడ్‌లైన్స్ ఇచ్చినారంట, పిల్లోడు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గానీ ఫోటో వాడకూడదు, అతను ఏ కోర్సు ఎన్నాళ్ళు చదివినాడో కూడా చెప్పాలి అని. ఈ సంగతి కూడా సార్ చెప్పిందే. తల్లిదండ్రులకి అందరికీ తెలియాల్సిన విషయం ఇది.

తర్వాత రెండు నెలలు ఇదే పని, ఊరికే చిన్న చిన్న పేరాలు. ఎడిటోరియల్ ముక్క, వాట్సాప్‌లో తిరిగే మెసేజ్, టీవీ డిబేట్‌లో ఎవరో అన్న నాలుగు మాటలు. వాటిలో తేల్చిన మాట ఏదో దాని కింద గీత గీయాలి, కారణాలకి నంబర్లు వేయాలి, ఉదాహరణని కారణం అనుకోకూడదు, ఎదుటివాడి వాదన చెప్పి కొట్టేసే భాగాన్ని వేరే గుర్తు పెట్టాలి. వినేకి తేలిక. నేను ఒకరోజు షాపులో కూర్చొని ఒక పేరా ప్రయత్నించినా, తేల్చిన మాట ఎప్పుడూ చివర్లోనే ఉంటుందని అనుకున్నా, ఆ పేరాలో మొదటి వాక్యమే అది. "కాబట్టి" అనే మాట ముందర పెట్టి చదివి చూడు మా, ఏ వాక్యానికి అతుక్కుంటుందో అదే అని పాప చెప్పింది. ఇది నిజంగా పనికొచ్చే కిటుకు, మీరూ ఏదన్నా పేపర్ తీసుకొని చూడండి.

చెప్పేవాణ్ణి ఎంత నమ్మాలి అనేదానికి ఇంకొకటి నేర్పించినారు, ఇంగ్లండ్ టీచర్లు రేవన్ అంటారంట, ఐదు అక్షరాలు ఐదు ప్రశ్నలు. ఈ మనిషికి మంచి పేరుందా, కళ్ళారా చూసేకి వీలున్న చోట ఉన్నాడా, ఇందులో అతనికి లాభమో నష్టమో ఉందా, ఈ విషయం తెలిసినవాడా, ఏ పక్కకీ మొగ్గకుండా ఉన్నాడా. మా షాపు ముందర ఆటోకి స్కూటర్‌కి గుద్దుకున్న రోజు పాప అక్కడే ఉంది, సాక్ష్యం చెప్పేకి వచ్చిన నలుగురిలో ఇద్దరు చప్పుడు విన్నాక తల తిప్పినోళ్ళే, గుద్దుకునేది చూసినోళ్ళు కాదు, అది ఈ పిల్ల కనిపెట్టి మెల్లగా నాకు చెప్పింది. ఎస్‌ఐ గారికి చెప్పమంటే నన్నెవరూ అడగలేదు కదమ్మా అనింది.

నాకు అన్నిటికంటే నచ్చిన క్లాసు డిసెంబర్‌లో జరిగింది. ఆ రోజు పాపని దించేకి నేనే పోయినా, చలి ఎక్కువగా ఉందని సార్ వాళ్ళమ్మ టీ ఇచ్చి కూర్చోబెట్టింది, అందుకే కొంతసేపు నేనూ విన్నా. ఆ మేడ మీద నుంచి శేషాచలం కొండలు బాగా కనిపిస్తాయి. కొండ మధ్యలో తెల్లగా ఒక చార. సార్ అటు చూపించి, ఆ కొండ మీద నిప్పు ఉందా అని అడిగినారు. ముందర కూర్చున్న పిల్లోడు పొగ ఉంది కదా సార్, నిప్పు ఉన్నట్టే అన్నాడు. సార్ బోర్డు మీద ఐదు మాటలు రాసినారు, ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. మన న్యాయశాస్త్రంలో, అంటే కోర్టు చట్టాలు కాదు, మన పాత తర్కశాస్త్రంలో, వాదన అంటే ఈ ఐదు అవయవాలు ఉండాలంట. కొండ మీద నిప్పు ఉంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి, ఇది హేతువు. పొగ ఎక్కడుంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో పొయ్యి మాదిరి, ఇది ఉదాహరణ. ఈ కొండ కూడా అట్లాంటి పొగ ఉన్నదే, ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది, నిగమనం.

అంతా సరిగ్గా ఉంది కదా, ఇంకేం కావాలి అన్నట్టు పిల్లలు చూస్తా ఉన్నారు. వెనక నుంచి ఒక పాప, రేణిగుంట నుంచి వస్తుంది ఆ అమ్మాయి, సార్ అది పొగేనా మంచా అనింది. సార్ ముఖం చూడాల్సింది ఆ నిమిషంలో. ఆయన రెండో మాట చుట్టూ గుండ్రంగా గీసి, హేతువే అక్కడ లేకపోతే దాన్ని అసిద్ధం అంటారు, మిగతా నాలుగు ఎంత చక్కగా ఉన్నా వాదన నిలబడదు అని చెప్పినారు. తర్వాత దాన్ని తిరగేసినారు, నిప్పు ఎక్కడుంటే అక్కడ పొగ ఉంటుందా అని. అందరూ ఉంటుందన్నారు. కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ చూసినారా, నిప్పు ఉంది, పొగ యాడుంది అన్నారు. కట్టె పచ్చిదైతేనే పొగ, ఆ పచ్చిదనం అనే షరతుని మనం చూడకుండా వదిలేసినాం, దాన్నే ఉపాధి అంటారు అని చెప్పినారు. అక్కడి నుంచి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే యాడ్‌ల దగ్గరికి వచ్చేసినారు, కాలేజీ ఉంటే ర్యాంకు ఉంటుందా, మధ్యలో పచ్చికట్టె ఏది అని. ఎనిమిదిన్నరకి ఎండొచ్చింది, కొండ మీద తెల్ల చార కరిగిపోయింది. మంచే.

ఇది ఫారిన్ చదువు, మన పిల్లలకెందుకు అని మా మరిది అన్నాడు ఒకసారి. ఈ పొగా నిప్పూ ఉదాహరణ మీద చిన్న పిల్లలకి కూడా అర్థమయ్యేటట్టు తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. మన ఊర్లోనే సంస్కృత విద్యాపీఠం ఉంది, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అయింది, అక్కడ న్యాయశాస్త్రం చదువుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఎవరో చెప్పినారని నమ్మొద్దు, నువ్వే చూసుకో అని లోకమంతా తిరిగి చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలో, మన పాత చిత్తూరు జిల్లాలో. ఫారిన్ ఏముంది ఇందులో, మనం వదిలేసుకున్నదాన్ని వేరేవాళ్ళు పరీక్ష పెట్టి మార్కులు వేస్తా ఉన్నారు, అంతే.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన భాగం, ఇది దాచకుండా చెప్పాలి.

సెప్టెంబర్, అక్టోబర్ రెండు నెలలు ఇంట్లో ఈ పిల్లతో వేగలేకపోయినాం. క్లాసులో అప్పుడు తప్పుల లిస్టు నడుస్తా ఉంది. ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగింది కాబట్టి మొదటిదే కారణం అనుకోవడం, మనిషిని తిట్టి మాటని కొట్టేయడం, ఎదుటివాడు అనని మాటని అన్నట్టు చెప్పి దాన్ని పడగొట్టడం, రెండే దార్లు ఉన్నట్టు చూపించడం, ఇట్లా పది పన్నెండు. ఈ పేర్లు నేర్చుకున్నాక పాపకి ఇంట్లో ఎవరు ఏం మాట్లాడినా అందులో ఒక తప్పు కనబడేది. వాళ్ళ నాయన రాత్రి ఫోన్ చూడొద్దు కళ్ళు పోతాయి అంటే, నాయనా అది ఆధారం లేని జారుడుబండ వాదన అనేది, అంటే చిన్న పని చేస్తే జారిపోయి పెద్ద చెడు దాకా పోతామని చెప్పడం. మా అత్త దిష్టి తీస్తా ఉంటే ఆ ముసలామె ముందరే ఆధారం ఏముందని అడిగింది. అత్త ఏమీ అనలేదు, ఉప్పు మిరపకాయలు అట్లే చేతిలో పట్టుకొని లోపలికి పోయింది. ఆ రోజు పాపని నేను గట్టిగా తిట్టినా, ఆ వారం క్లాసు మాన్పించేద్దాం అని మా ఇంటాయనా నేనూ అనుకున్నాం కూడా.

మాన్పించేముందు సార్‌ని ఒక మాట అడుగుదామని పోయినా. మీరు తప్పు పట్టేది నేర్పించినారు, మాట్లాడేది నేర్పించలేదు సార్ అని ఉన్నదున్నట్టే చెప్పినా. ఆయన అడ్డం చెప్పలేదు. ఇదే మాట ఇంకో ఇద్దరు తల్లులు కూడా అన్నారు అమ్మా, నేనే ముందు చెప్పాల్సింది వెనక్కి పెట్టుకున్నా అన్నారు. ఆ పై వారం నుంచి క్రమం మార్చినారు. వాదం, జల్పం, వితండం అని న్యాయశాస్త్రంలోనే మూడు రకాలున్నాయంట, నిజం తెలుసుకునేకి ఇద్దరూ కలిసి మాట్లాడేది వాదం, గెలిచేకి మాట్లాడేది జల్పం, తన మాటంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టేకే మాట్లాడేది వితండం. మనం ఊరికే తిట్టేకి వాడే వితండవాదం అనే మాట యాడిదో అప్పుడు తెలిసింది నాకు. అప్పటి నుంచి రూల్ ఏందంటే, ఎవరి మాటనైనా కాదనాలంటే ముందు ఆ మాటని వాళ్ళకంటే బాగా, వాళ్ళు అవును అదే నేను చెప్పేది అని ఒప్పుకునేటట్టు చెప్పాలి, ఆ తర్వాతే నీ అభ్యంతరం. తప్పు పేరు ఇంట్లో పలకకూడదు, తప్పు ఏందో మామూలు మాటల్లో చెప్పాలి.

నా గట్టి అభిప్రాయం, ఈ సబ్జెక్టు ఎవరు చెప్పినా ఇదే మొదటి నెలలో చెప్పాలి. సొంత వాదన కట్టేది ముందు, పక్కోడి వాదన విప్పేది తర్వాత. నా దగ్గర కుట్టు నేర్చుకునేకి వచ్చే ఆడపిల్లలకి నేను మొదటి రోజే పాత జాకెట్ ఇచ్చి విప్పు అనను, ముందు సూటిగా ఒక కుట్టు వేయమంటా. పదిహేడేండ్ల పిల్లల చేతికి తప్పుల లిస్టు ముందే ఇస్తే వాళ్ళు దాన్ని ఇంట్లోనే వాడతారు, ఎందుకంటే ఎదురు మాట్లాడినా పడేవాళ్ళు ఇంట్లోవాళ్ళే.

సంక్రాంతికి పాకాల దగ్గర మా పుట్టింటికి పోయినాం. మా నాయనకి రెండెకరాలు, పాత బోరు ఎండిపోయింది, కొత్తది వేసేకి చూస్తా ఉన్నాడు. మా పక్క బోరు అంటే వెయ్యి అడుగులైనా పోవాల, పడకపోతే లక్షకి పైగా మట్టిలో కలిసిపోయినట్టే, ఇప్పటికే రెండు బోర్లు అట్లా పోగొట్టుకున్నాడు మా నాయన. ఊర్లో పాయింట్ చూపించే ఆయన ఉన్నాడు, అరచేతిలో టెంకాయ పెట్టుకొని నడుస్తాడు, నీళ్ళున్న చోట టెంకాయ నిలబడుతుంది అంటారు. నాకు భయం పట్టుకుంది, ఈ పిల్ల తాతని ఏమంటుందో అని.

పాప తాత పక్కన అరుగు మీద కూర్చొని, తాతా, ఆయన చూపించిన చోట బోరు వేసినోళ్ళలో చాలా మందికి నీళ్ళు పడినాయి కాబట్టి ఆయన్నే పిలుద్దాం అంటావు, అంతేనా అని అడిగింది. అంతే అమ్మణ్ణీ అన్నాడు మా నాయన. అయితే ఆయన చూపించకుండా వేసినోళ్ళ లెక్క కూడా రాద్దామా అనింది. పాత క్యాలెండర్ తిప్పి వెనక తెల్లవైపు గీత కొట్టింది, ఇటు ఒక వరస అటు ఒక వరస. తాత ఒక్కొక్కరి చేను పేరు చెప్తా ఉన్నాడు, ఈ పిల్ల రాస్తా ఉంది, మధ్యలో మా అమ్మ కూడా వచ్చి మర్చిపోయిన రెండు బోర్లు గుర్తు చేసింది, అవి పడని బోర్లే. పాయింట్ చూపించినవి పదకొండు, నీళ్ళు పడినవి ఏడు. చూపించకుండా వేసినవి తొమ్మిది, పడినవి ఆరు. మా నాయన ఆ కాగితం చాలాసేపు చూసినాడు.

పాప ఏమీ తీర్పు చెప్పలేదు. ఇరవై బోర్లతో ఏదీ గట్టిగా చెప్పలేం తాతా, అందులో చెరువు కింద ఎన్ని, గుట్ట పక్కన ఎన్ని అనేది కూడా చూడాలి, కానీ టెంకాయ వల్లనే పడినాయి అనేకి మాత్రం ఈ లెక్క చాలదు అనింది. అప్పుడు మా నాయన అన్న మాట, ఆయనకిచ్చేది రెండువేలు అమ్మణ్ణీ, బోరు పడకపోతే మీ అవ్వ నన్ను తిట్టకుండా ఉండేకి, నా గుండెకి ధైర్యం ఉండేకి, అందుకు పిలుస్తా అని. పాప కాసేపు ఆలోచించి, అది వేరే వాదన తాతా, దానికి ఈ కాగితం అడ్డం రాదు అనింది. సెప్టెంబర్‌లో అయితే ఈ మాట అనేది కాదు ఈ పిల్ల.

పైగా భూగర్భ జలాల శాఖ వాళ్ళ చేత మిషన్‌తో సర్వే చేయించు తాతా అని చెప్పింది. మా నాయన ఐదో క్లాసు దాకా చదువుకున్న మనిషి, ఆ క్యాలెండర్ మీద వేలు పెట్టి, వాళ్ళు చూపించినవి పదికి ఎన్ని పడినాయో అది కూడా రాయి మరి అన్నాడు. పాప దగ్గర జవాబు లేదు. మూడో వరస గీసి పైన మిషన్ అని రాసి ఖాళీగా పెట్టింది. ఆ క్యాలెండర్ ఇప్పటికీ మా పుట్టింట్లో గోడకే ఉంది, మా నాయన ఊర్లో తిరిగి ఇద్దరిని అడిగి రెండు గీతలు వేసినాడంట ఆ మూడో వరసలో.

ఇంక మిగతా సంగతులు గబగబా చెప్పేస్తా. రాసిన పేపర్లు దిద్ది ఇచ్చేకి మూడేసి వారాలు పడుతుంది, అప్పటికి పిల్లలకి ఏం రాసినారో కూడా గుర్తుండదు, సార్ ఒక్కరే కాబట్టి అంటారు, నిజమే గానీ ఫీజు కట్టేవాళ్ళు అడగాల్సిందే. ప్రింటు మెటీరియల్ అంతా ఇంగ్లీషులో ఉంది, సార్ మాట్లాడేది తెలుగే అయినా రాసేది ఇంగ్లీషులో రాయమంటారు, గవర్నమెంట్ కాలేజీ నుంచి తెలుగు మీడియం పిల్లలు ఇద్దరు వచ్చినారు, బుర్ర చురుకైన పిల్లలు, రెండో నెలకే మానేసినారు. ఇది పెద్ద లోపం, ఆలోచనకి ఇంగ్లీషు ఎందుకు అడ్డం రావాలి. తెలుగులో రాయనిస్తే ఆ ఇద్దరూ ఉండేవాళ్ళే. మేడ మెట్లు ఇరుకు, వానకి జారుతాయి, లైటు పెట్టించండి సార్ అంటే పెట్టించినారు. ఆదివారం పొద్దున కావడంతో కాలేజీ వీక్లీ టెస్ట్‌తో గొడవ, పాప నెలకి ఒకటైనా క్లాసు మిస్ అయ్యేది, దానికి వేరే రోజు చెప్పరు, డబ్బు తగ్గించరు.

మార్కుల గురించి అడిగేవాళ్ళకి, ఇంటర్ మార్కులు దీంతో పెరగలేదు, తగ్గలేదు. ఫిజిక్స్‌లో లెక్క చేసేముందు ఏం ఇచ్చినారు, ఏం ఇవ్వకుండా మనం అనుకుంటున్నాం అని రెండు లైన్లు రాసుకునే అలవాటు మాత్రం వచ్చింది, వాళ్ళ లెక్చరర్ అది చూసి బాగుంది అన్నాడంట. లా చదవాలనుకునే పిల్లలకైతే నేరుగా లాభం ఉంది, లా కాలేజీల ఎంట్రెన్స్ క్లాట్‌లో 120 ప్రశ్నల్లో 22 నుంచి 26 దాకా లాజికల్ రీజనింగే, అదీ పేరా ఇచ్చి అందులో వాదన ఏంది, దాన్ని బలహీనం చేసేది ఏది అని అడిగేదే. బ్యాచ్‌లో ముగ్గురు అందుకోసమే వస్తా ఉన్నారు. బ్యాంకు పరీక్షల రీజనింగ్ షార్ట్‌కట్లు కావాలంటే మాత్రం ఇక్కడికి రావొద్దు, సార్ అవి చెప్పరు, దానికి బాలాజీ కాలనీ పక్క వేరే సెంటర్లున్నాయి.

ఐదుకి నేను నాలుగు ఇస్తా. దిద్దేది తొందరగా ఇచ్చి, తెలుగులో రాయనిస్తే ఆ ఒకటి కూడా ఇచ్చేదాన్ని. కొత్త బ్యాచ్ ఇంటర్ పరీక్షలు అయినాక ఏప్రిల్ చివర్లో మొదలు పెడతారంట, ఈసారి ముందు వాదన కట్టేది నేర్పించి తర్వాతే తప్పుల లిస్టుకి పోతామని సార్ చెప్పినారు. మా చిన్నోడు ఇప్పుడు పదో తరగతి. వాడికి సీటు రాసి పెట్టమని అడ్వాన్స్ ఐదొందలు ఇచ్చి వచ్చినా, వాణ్ణి చేర్పించే కాలేజీకి మాత్రం యాడ్ చూసి పోము, మొత్తం ఎంత మందిలో ఎంత మంది అని అడగాల్సినవి పాప ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించింది.